పుట్టింటికి వెళ్లే అమ్మాయి వెంట ఆమె రికార్డు కూడా వెళ్లాలి

మన దగ్గర తొలి కాన్పు పుట్టింటివాళ్లు చేయించడం ఆనవాయితీ. ఐదో నెల, ఏడో నెల, కుదరకపోతే తొమ్మిదో నెల, ఏదో ఒక బేసి నెల చూసుకుని సీమంతం చేసి అమ్మాయిని తీసుకొచ్చేస్తారు. ఇందులో ప్రేమ ఉంది, అమ్మాయికి విశ్రాంతి ఉంది, నేను దీన్ని తప్పుపట్టను. కానీ వైద్యం వైపు నుంచి చూడండి. ఆరేడు నెలలు చూసిన డాక్టర్ అక్కడే ఉండిపోతారు, అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సిన చివరి నెలలూ కాన్పూ ఆ అమ్మాయిని ముందెన్నడూ చూడని ఇంకో డాక్టర్ చేతికి వస్తాయి. మధ్యలో జిల్లా మారుతుంది, హైదరాబాద్‌లో కాపురం ఉండి ప్రకాశం జిల్లాకి పురిటికి వచ్చే మా చెల్లి లాంటివాళ్లకైతే రాష్ట్రమే మారుతుంది. అప్పటిదాకా ఆమె గురించి తెలిసిందంతా ఒక ప్లాస్టిక్ కవర్లో ఉంటుంది, అందులో కొన్ని కాగితాలు ఉంటాయి, కొన్ని ఉండవు.

ప్రసూతి వైద్యంలో కంప్యూటర్ రికార్డులు కావాలని నేను గట్టిగా అనడానికి మొదటి కారణం ఇదే. కంప్యూటర్ అనగానే చాలామంది పెద్ద కార్పొరేట్ ఆసుపత్రి, ఏసీ, కౌంటర్ దగ్గర టోకెన్ అనుకుంటారు. నాకు మాత్రం ఊళ్లో ఉండే చిన్న ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం, సబ్ సెంటరే గుర్తొస్తుంది. మా అమ్మ ఏఎన్‌ఎంగా, అంటే ఊళ్లో గర్భిణుల్నీ పిల్లల్నీ చూసుకునే ప్రభుత్వ నర్సుగా పనిచేసి రిటైరైంది. కాబట్టి ఈ వ్యవహారాన్ని నేను ఇంట్లోంచే చూశాను.

చిన్నప్పుడు మా ఇంట్లో నెలాఖరు అంటే రిజిస్టర్లు. దంపతుల రిజిస్టర్, గర్భిణుల రిజిస్టర్, టీకాల రిజిస్టర్, జనన మరణాల రిజిస్టర్, ఐరన్ మాత్రల స్టాకు రిజిస్టర్. అమ్మ వాటన్నిటినీ మంచం మీద పరిచి, ఎంతమందికి ధనుర్వాతం రాకుండా టీటీ ఇంజెక్షన్ వేశాం, ఎన్ని కాన్పులయ్యాయి అని వేళ్ల మీద లెక్కపెట్టి నెలవారీ రిపోర్టు రాసేది. నేనూ చెల్లీ కూడికలు చేసిపెట్టేవాళ్లం. ఆ రిపోర్టు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి (పీహెచ్‌సీకి), అక్కడి నుంచి జిల్లాకి, అక్కడి నుంచి రాష్ట్రానికి వెళ్లేది. ఇప్పుడు ఆలోచిస్తే అర్థమవుతోంది, అన్ని అంకెలు పైకి వెళ్లాయి గానీ వాటిలో ఒక్క మనిషి పేరు కూడా లేదు. ఈ నెల పన్నెండుమందికి చెకప్ జరిగింది అని ఉంటుంది. రావాల్సిన పదమూడో ఆమె ఎవరు, ఎందుకు రాలేదు అనే సంగతి ఎవరి రిపోర్టులోనూ ఉండదు. అది మా అమ్మ బుర్రలో ఉండేది. అమ్మ సెలవు పెట్టినా, బదిలీ అయినా ఆ సంగతి ఆమెతోనే వెళ్లిపోయేది.

2009 చివర్లో కేంద్రం ఎంసీటీఎస్ అని ఒక పద్ధతి మొదలుపెట్టింది, తల్లీబిడ్డల్ని పేరుపేరునా కంప్యూటర్లో ఎక్కించి, గర్భం నమోదైన దగ్గర్నుంచి బిడ్డకి టీకాలు అయ్యేదాకా చూసుకునే పద్ధతి. తర్వాత అది ఆర్‌సీహెచ్ (తల్లీబిడ్డల ఆరోగ్యం) పోర్టల్ అయింది, ప్రతి గర్భిణికీ ఒక ఆర్‌సీహెచ్ నంబరు వచ్చింది. 2016లో అన్‌మోల్ అనే యాప్‌తో ఏఎన్‌ఎంల చేతికి ట్యాబ్‌లు వచ్చాయి, దేశంలో మొదట ఇచ్చింది ఆంధ్రప్రదేశ్‌లోనే. నెట్‌వర్క్ లేని ఊళ్లో కూడా వివరాలు ఎక్కించుకోవచ్చు, సిగ్నల్ దొరికాక అవి సర్వర్‌కి వెళ్తాయి. ఇవన్నీ పేర్లే, పేర్లు మారుతూ ఉంటాయి. అసలు మారిందేంటంటే లెక్క అంకె నుంచి మనిషికి వచ్చింది. రావాల్సినవాళ్ల జాబితా, మా అమ్మ వాళ్లు డ్యూ లిస్ట్ అంటారు, అది దానంతటదే తయారవుతుంది. ఈ వారం ఎవరికి రెండో టీడీ డోసు (టీటీ బదులు ఇప్పుడు వేసేది), ఎవరికి నాలుగో చెకప్, ఎవరికి నెలలు నిండుతున్నాయి, అన్నీ పేరు, ఊరు, ఫోన్ నంబరుతో సహా. ఆశ కార్యకర్త ఆ జాబితా పట్టుకుని ఆ ఇళ్లకే వెళ్తుంది. ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకి ప్రత్యేకంగా డాక్టర్ పరీక్షలు ఉంటాయి కదా, ఆ రోజుకి ఎవర్ని తప్పకుండా తీసుకురావాలో కూడా ఆ జాబితా చూసే అనుకుంటారు.

ఇంకో విషయం, తేదీలు. చివరి నెలసరి ఎప్పుడమ్మా అని అడిగితే తేదీ చెప్పేవాళ్లు తక్కువ అని అమ్మ అంటుంది. "సంక్రాంతికి నాలుగు రోజుల ముందు", "మా ఆడపడుచు పెళ్లైన వారానికి", "ఉగాది అమావాస్యకి అటూఇటూ" అని చెప్తారు. దాన్ని తేదీగా మార్చి, 280 రోజులు కలిపి కాన్పు తేదీ వేయాలి. చేత్తో లెక్క వేసినప్పుడు ఒక నెల అటూఇటూ అయిపోవడం మామూలే, ఆ తప్పు చివరిదాకా వెంటపడుతుంది. నెలలు నిండని బిడ్డని నిండింది అనుకోవచ్చు, తేదీ దాటిపోయినా ఇంకా టైముంది అనుకోవచ్చు. యాప్‌లో తేదీ కొడితే కాన్పు తేదీ వస్తుంది, మొదటి మూడు నెలల్లో తీసిన స్కానింగ్‌తో సరిపోల్చుకోవచ్చు, ఆ తర్వాత చూసే ప్రతివాళ్లూ అదే తేదీ చూస్తారు. వినడానికి చిన్న విషయంలా ఉంటుంది గానీ మిగతా నిర్ణయాలన్నీ దీనిమీదే నిలబడి ఉంటాయి.

కాన్పు తేదీ తెలియడం ఎంత పని చేస్తుందో చూడాలంటే మన్యం వైపు చూడాలి. రోడ్డు లేని కొండ మీది ఊళ్ల నుంచి నొప్పులు మొదలయ్యాక డోలీలో మోసుకురావడం గురించి పేపర్లో చదువుతూనే ఉంటాం. సాలూరులో గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) గర్భిణుల వసతి గృహం పెట్టి, నెలలు నిండేముందే కొండల మీది గర్భిణుల్ని కిందికి తీసుకొచ్చి ఉంచుకోవడం మొదలుపెట్టింది. ఇలాంటి వసతి గృహం నడవాలంటే ముందు కావాల్సింది ఏ కొండ మీద, ఏ ఊళ్లో, ఎవరికి, ఏ వారంలో నెలలు నిండుతాయి అనే జాబితా. అది సరిగ్గా లేకపోతే భవనం ఉండీ లాభం లేదు.

ఇప్పుడు డాక్టర్ల వైపు నుంచి. గర్భిణికి బీపీ 140/90 దాటితే ప్రమాదమని నర్సులందరికీ తెలుసు. కానీ ఒకామెకి మొదట 100/70 ఉండి, తర్వాత 116/76, ఆ తర్వాత 134/86 అయిందనుకోండి. ఏ ఒక్క రోజు చూసినా అది నార్మలే. వరసగా చూస్తేనే పెరుగుతోందని తెలుస్తుంది, వచ్చే వారం గుర్రపు వాతం (బీపీ పెరిగి ఫిట్స్ రావడం) లక్షణాలేమన్నా వస్తాయేమో చూసుకోవాలని తడుతుంది. కాగితాల మీద ఒక రీడింగ్ ఒక పేజీలో, ఇంకోటి ఇంకో ఆసుపత్రి చీటీలో ఉంటుంది. స్క్రీన్ మీద గీతలా పైకి వెళ్తుంటే ఎవరికైనా కనిపిస్తుంది. బరువు కూడా అంతే, ఒక్క వారంలో అమాంతం పెరిగితే అది తిండి వల్ల వచ్చిన బరువు కాకపోవచ్చు. హిమోగ్లోబిన్ సంగతి చెప్పక్కర్లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ గర్భిణుల్లో 53 శాతం పైగా రక్తహీనతే. 11 కంటే తక్కువైతే రక్తహీనత, 7 కంటే తక్కువైతే తీవ్రం. అలాంటి తల్లికి కాన్పులో మిగతావాళ్లు తట్టుకునేంత రక్తం పోయినా ప్రాణం మీదికి వస్తుంది. ఆమె పేరు ఎర్రగా వేరే జాబితాలో కనబడితే పీహెచ్‌సీ డాక్టర్ ముందే పెద్దాసుపత్రికి పంపిస్తారు, రక్తం ఏర్పాటు చేయిస్తారు. కాన్పు బల్ల మీద పడుకోబెట్టాక తెలిస్తే ఏం చేయగలరు?

మా చెల్లి సంగతి చెప్తాను, ఎందుకంటే నాకు ఈ విషయం అంకెల్లోంచి కాక ఇంట్లోంచి అర్థమైంది అప్పుడే. దాని బ్లడ్ గ్రూపు నెగెటివ్, మా మరిదిది పాజిటివ్. ఇలాంటప్పుడు తల్లి రక్తం బిడ్డ రక్తానికి ఎదురు తిరగకుండా 28 వారాలకి యాంటీ డి ఇంజెక్షన్ ఒకటి వేస్తారు, కాన్పయ్యాక బిడ్డది పాజిటివ్ అని తేలితే 72 గంటల్లోపు ఇంకోటి వేయాలి. హైదరాబాద్‌లో చూపించుకున్న ప్రైవేట్ ఆసుపత్రిలో మొదటిది వేశారు. ఏడో నెల నిండాక ఇంటికి తీసుకొచ్చాం. ఇక్కడి డాక్టరమ్మ ఫైలు తిరగేసి, ఇంజెక్షన్ వేయించారా, ఏ తేదీన అని అడిగారు. ఫైల్లో ఎక్కడా లేదు. "వేశారనే గుర్తు" అంటుంది చెల్లి. ఆ ఆసుపత్రికి ఫోన్ చేస్తే రికార్డు ఇవ్వాలంటే మనిషి రావాలన్నారు. ఇక్కడ చేసిన రక్తపరీక్షలో యాంటీబాడీలు కొద్దిగా కనబడ్డాయి. అవి ఇంజెక్షన్ వల్ల వచ్చినవా, లేక నిజంగానే తల్లి రక్తం బిడ్డ రక్తానికి ఎదురు తిరుగుతోందా? మొదటిదైతే పట్టించుకోనక్కర్లేదు, రెండోదైతే బిడ్డకి ప్రమాదం, ఇంకా పెద్ద ఆసుపత్రికి వెళ్లాలి. అదంతా ఒక్క తేదీ మీద ఆధారపడింది. రెండు రోజులు ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. చివరికి మా మరిది ఇన్సూరెన్స్ కోసం దాచిన మందుల షాపు బిల్లుల్లో ఆ ఇంజెక్షన్ బిల్లు, తేదీతో సహా దొరికింది. బిడ్డ క్షేమంగా పుట్టింది. ఆ హైదరాబాద్ ఆసుపత్రిలో ప్రతి టేబుల్ మీదా కంప్యూటర్ ఉందని చెల్లి చెప్పింది. బిల్లులన్నీ కంప్యూటర్లోంచే వచ్చాయి, వైద్యం మాత్రం చేతిరాతలో ఉండిపోయింది.

కాబట్టి కంప్యూటర్ ఉంటే చాలదు, ఒకచోట ఎక్కించింది ఇంకోచోట కనబడాలి. ప్రభుత్వం వైపు ఆర్‌సీహెచ్ నంబరు కొంతవరకు ఈ పని చేస్తుంది, అత్తగారి ఊళ్లో నమోదైన గర్భిణి పుట్టింటి ఊళ్లో సబ్ సెంటర్‌కి వచ్చి నంబరు చెప్తే పాత వివరాలు తీయొచ్చు. నంబరు చెప్తేనే. చెప్పకపోతే కొత్తగా ఇంకోసారి నమోదు చేస్తారు, ఒకే మనిషి రెండుచోట్ల ఇద్దరవుతుంది, అక్కడ "చెకప్‌కి రాని గర్భిణి"గా, ఇక్కడ "ఆలస్యంగా నమోదైన గర్భిణి"గా. పేర్లతో పట్టుకుందామా అంటే మన పేర్ల సంగతి తెలిసిందే. ఒకే ఊళ్లో వెంకటలక్ష్మిలు ముగ్గురుంటారు, ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, రేషన్ కార్డులో అత్తింటి ఇంటిపేరు, పిలిచేది బుజ్జి అని. ఫోన్ నంబరు భర్తది, అతను పనికోసం వేరే ఊళ్లో. ఏఎన్‌ఎంలు ఇవన్నీ తెలిసినవాళ్లు కాబట్టి ఎలాగో సర్దుకొస్తారు గానీ ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసేటప్పుడే ఈ పుట్టిల్లు అత్తిల్లు రాకపోకల్ని లెక్కలోకి తీసుకుని ఉంటే వాళ్లకి సగం తలనొప్పి తగ్గేది. ఇప్పుడు ఒక్కో మనిషి ఆరోగ్య వివరాలన్నీ ఒకచోటికి చేర్చే పద్నాలుగు అంకెల ఆభా నంబరు వచ్చింది, ప్రైవేట్ ఆసుపత్రుల్ని కూడా కలుపుతామంటున్నారు, అది ప్రసూతి దగ్గర మొదలుపెడితే బాగుంటుందని నా ఆశ, ఎందుకంటే మన దగ్గర ఇన్ని నెలలు వైద్యం జరిగి, ఇంత తెలిసి తెలిసి మధ్యలో ఊరు మారే సందర్భం ఇంకోటి లేదు.

సిజేరియన్ల గురించి చెప్పకుండా ముగించలేను. పైన చెప్పిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారమే తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లు, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, దేశం మొత్తం మీద 21.5. ఈ అంకెలు చూసి డాక్టర్లని తిట్టడం, డాక్టర్లు ముహూర్తాలు అడిగే కుటుంబాల్ని తిట్టడం, ఇలా నడుస్తుంటుంది. దీనికి పనికొచ్చే పద్ధతి ఒకటుంది, రాబ్సన్ వర్గీకరణ. కాన్పుకి వచ్చిన ప్రతి తల్లినీ పది గుంపుల్లో ఒకదాంట్లో వేస్తారు. తొలి కాన్పా కాదా, ముందు ఆపరేషన్ అయిందా, ఒక బిడ్డా కవలలా, బిడ్డ తల కిందికుందా, ఎన్ని వారాలు, నొప్పులు వాటంతట అవే వచ్చాయా, ఇంతే, ఇవన్నీ ప్రతి కేస్ షీట్‌లోనూ ఉండే విషయాలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్నే వాడమని 2015లో చెప్పింది. కేస్ షీట్ కంప్యూటర్లో ఉంటే ఏ ఆసుపత్రిలో ఏ గుంపులో ఎన్ని ఆపరేషన్లు అవుతున్నాయో నొక్కగానే వస్తుంది. తొలి కాన్పు, నెలలు నిండాయి, తల కిందికే ఉంది, నొప్పులు వాటంతట అవే వచ్చాయి, ఇలాంటివాళ్లలో కూడా సగంమందికి కోస్తున్నారంటే అక్కడ కూర్చుని మాట్లాడుకోవాల్సిందే. ముందు ఆపరేషన్ అయినవాళ్ల గుంపు పెద్దదైతే సమస్య వేరు, అది పాత ఆపరేషన్ల ఫలితం. మొత్తం శాతం ఒక్కటే చూస్తే ఈ తేడా తెలియదు, తిట్టుకోవడమే మిగులుతుంది. కాగితం కేస్ షీట్లు ముందేసుకుని ఇది చేయొచ్చు, కానీ రోజుకి పదుల కాన్పులయ్యే ఆసుపత్రిలో ఎవరికి తీరిక?

డబ్బుతో ముడిపెట్టినప్పుడు నమోదు ఎంత బాగా జరుగుతుందో కూడా చూశాం. తెలంగాణలో 2017లో కేసీఆర్ కిట్ పెట్టినప్పుడు ప్రభుత్వాసుపత్రిలో కాన్పైతే మగబిడ్డకి 12 వేలు, ఆడబిడ్డకి 13 వేలు విడతలుగా ఇచ్చారు, ఆ విడతలు చెకప్‌లకీ టీకాలకీ ముడిపడి ఉండేవి, వివరాలు కంప్యూటర్లో ఉంటేనే డబ్బు పడేది. అలాంటప్పుడు నా పేరు ఎక్కించారా అమ్మా అని గర్భిణే అడుగుతుంది. తల్లి అడిగే వ్యవస్థ బతుకుతుంది అని మా అమ్మ నమ్మకం, నాదీ అదే.

ఇక కష్టం ఎవరి మీద పడుతోందో కూడా చెప్పాలి. ట్యాబ్ ఇచ్చారు గానీ రిజిస్టర్ తీసేయలేదు. మా అమ్మ చివరి ఏడాది రెండూ రాసింది, పగలు రిజిస్టర్, రాత్రి ట్యాబ్. పైగా ఒక పథకానికి ఒక యాప్, గర్భిణికో యాప్, టీకాలకో యాప్, షుగరు బీపీ సర్వేకో యాప్, ఒకే ఆమె పేరూ వయసూ ప్రతి దాంట్లోనూ మళ్లీ మళ్లీ కొట్టాలి. సర్వర్ పనిచేయదు, రాత్రి పదకొండింటికి పనిచేస్తుంది. అప్పుడు కూర్చుని ఎక్కిస్తే నిద్రమత్తులో బీపీ 110/70 అని అందరికీ ఒకటే పడుతుంది. తప్పు ఆమెది కాదు. గర్భిణి చెయ్యి పట్టుకుని బీపీ చూసే సమయం మిగల్చడానికి వచ్చిన వస్తువు ఆ సమయాన్నే తింటే ఎలా? ఒక్కసారే ఎక్కించాలి, ఎక్కించింది అన్నిటికీ అందాలి, రిజిస్టర్ ఆగిపోవాలి. ఇది జరగనంతవరకు పైన చెప్పిన లాభాల్లో సగమే అందుతాయి.

గోప్యత గురించి కూడా. చెల్లి స్కానింగ్ చేయించుకున్న కొన్నాళ్లకే బొడ్డుతాడు రక్తం దాచిపెడతామని ఒకరు, బిడ్డ ఫొటోషూట్ అని ఒకరు ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. నంబరు ఎవరిచ్చారో చెప్పరు. గర్భం నిలవని ఆడవాళ్లకి కూడా అలాంటి ఫోన్ వస్తే ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించండి. హెచ్‌ఐవీ పరీక్ష, గతంలో అబార్షన్, ఇంట్లో అత్తకి కూడా చెప్పని విషయాలు ఆ రికార్డులో ఉంటాయి. ఎవరు తెరిచారు, ఎప్పుడు తెరిచారు అనేది నమోదు కావాలి, తల్లి అడిగితే చూపించాలి. డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, అది స్కానింగ్ సెంటర్ కౌంటర్ దాకా రావాలి.

ఇది చదివేవాళ్లలో ఎవరైనా ఇప్పుడు పురిటికి వెళ్తుంటే, లేదా కూతుర్ని తీసుకొస్తుంటే, ఈ కొన్ని పనులు బయల్దేరేముందే చేసుకోండి. ఆర్‌సీహెచ్ నంబరు, ఎంసీపీ కార్డు (చెకప్‌లూ టీకాలూ రాసే తల్లీబిడ్డల కార్డు) అన్ని పేజీలు ఫోన్‌లో ఫొటో తీసుకోండి, భర్త ఫోన్‌లో, అమ్మ ఫోన్‌లో కూడా ఉంచండి. మొదటి మూడు నెలల స్కానింగ్ రిపోర్టు ముఖ్యం, చివరిదొక్కటే పట్టుకెళ్తే సరిపోదు. ముందు కాన్పు ఆపరేషన్ అయితే దాని డిశ్చార్జ్ సమ్మరీ, ఎందుకు చేశారో రాసి ఉన్నది. గ్రూపు నెగెటివ్ అయితే ఇంజెక్షన్ వేసిన తేదీ డాక్టర్ చేత రాయించుకుని సంతకం పెట్టించుకోండి. ఇక్కడికి రాగానే మీ ఊరి ఏఎన్‌ఎంకి కొత్తగా నమోదు చేయొద్దని, పాత నంబరు మీదే కొనసాగించమని చెప్పండి. ప్రైవేట్ ఆసుపత్రిలో చూపించుకుంటున్నా సరే సబ్ సెంటర్‌లో పేరు ఉండనివ్వండి, బిడ్డ టీకాలకి రేపు ఎలాగూ అక్కడికే వెళ్తారు.